సంతకం పెట్టించుకోవడం వేరు, విషయం చెప్పడం వేరు

రేపు పొద్దున ఆపరేషన్ అనగా ముందురోజు రాత్రి తొమ్మిదికో పదికో డ్యూటీ డాక్టరో నర్సో ఒక ఫైలు పట్టుకుని బెడ్ దగ్గరికి వస్తారు. "అటెండెంట్ ఎవరండీ? ఇక్కడొక సంతకం, ఇక్కడొకటి, పేషెంట్‌తో కూడా ఇక్కడ పెట్టించండి" అంటారు. ఎక్కడ పెట్టాలో ముందే పెన్నుతో టిక్కు పెట్టి ఉంటుంది. కాగితం చాలా ఆసుపత్రుల్లో ఇంగ్లీషులోనే ఉంటుంది, ఆపరేషన్ పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉండటం కూడా కొత్తేం కాదు. అన్నిటికన్నా కింద ఒక వాక్యం ఉంటుంది: ఈ చికిత్స గురించి, దానివల్ల రాగల ప్రమాదాల గురించి నాకు అర్థమయ్యే భాషలో వివరించారు, నా ప్రశ్నలన్నిటికీ సమాధానం చెప్పారు అని. మంచం మీద ఉన్న మనిషికి ఆ భాషే రాదు. అసలే టెన్షన్‌లో ఉంటారు, డబ్బు కట్టేసి ఉంటారు, చుట్టాలు వచ్చేసి ఉంటారు, ఆ టైములో ఇందులో ఏముందని అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? రెండు నిమిషాల్లో పనైపోతుంది, ఫైలు పక్క బెడ్‌కి వెళ్తుంది.

డాక్టర్ల నీతి సూత్రాలంటే మెడికల్ కాలేజీల్లో నాలుగు చెప్తారు. రోగి ఇష్టాన్ని గౌరవించడం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, అందరినీ న్యాయంగా చూడటం. పరీక్షలో రాయడానికి ఇవి తేలికే. పనిలోకి దిగాక ఇవన్నీ ఒకేసారి ఎదురయ్యే చోటు మాత్రం ఈ కన్సెంట్ ఫారమే (అంగీకార పత్రమే). డాక్టర్ బాధ్యతల్లో ఫీజు ముందే చెప్పడం, కమీషన్లు తీసుకోకపోవడం, రోగి రహస్యాలు కాపాడటం లాంటివి ఎన్నో ఉన్నాయి, దేనికదే ముఖ్యం. కానీ రోగికి తన ఒంటి గురించి తనకి చెప్పడం అనే ఒక్క బాధ్యత సరిగ్గా జరిగితే మిగతావి చాలావరకు దాని వెంటే వస్తాయి, అది జరగని చోట మిగతావి ఎంత బాగున్నా రోగి చీకట్లోనే ఉంటాడు.

రోగిని అడగాలి అన్న ఆలోచన నిజానికి వైద్యానికి చాలా ఆలస్యంగా వచ్చింది. హిప్పోక్రటిస్ ప్రమాణంలో మేలు చేస్తాను, కీడు చేయను, రహస్యం దాస్తాను అని ఉంది తప్ప రోగిని అడుగుతాను అని ఎక్కడా లేదు. మన సుశ్రుత సంహితలో మూత్రాశయంలో రాళ్ళు తీసే ఆపరేషన్ ప్రాణాల మీదికి వచ్చేది కాబట్టి ముందు రాజును అడిగి చేయమని ఉంది. అప్పుడు కూడా అనుమతి ఇచ్చేది పైవాడే. 1914లో న్యూయార్క్ కోర్టు ఒక కేసులో, వయసొచ్చి మతి స్థిమితంగా ఉన్న ప్రతి మనిషికీ తన ఒంటికి ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు ఉందని చెప్పింది. ఆ తర్వాత నాజీ డాక్టర్లు ఖైదీల మీద చేసిన ప్రయోగాలు బయటపడి, 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది, దాని మొదటి నియమమే మనిషి తనంతట తాను ఇచ్చే అంగీకారం. అంటే సంతకం వెనక ఇంత చరిత్ర ఉంది. మన దగ్గర అదంతా పోయి టిక్కు మిగిలింది.

భారతదేశంలో దీనికి ఆధారమైన తీర్పు 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన సమీరా కోహ్లీ కేసు. జరిగింది 1995లో, ఢిల్లీలో. 44 ఏళ్ళ అవివాహిత, నెలసరి రక్తస్రావం ఆగకుండా అవుతోందని క్లినిక్‌కి వెళ్ళింది. లోపల ఏముందో చూడటానికి లాప్రోస్కోపీ (చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూడటం) చేస్తామన్నారు, అవసరమైతే పొట్ట తెరిచి చూస్తామన్నారు, దానికి ఆమె సంతకం పెట్టింది. మత్తు ఇచ్చారు. లోపల చూశాక గర్భసంచి తీసేయాలని డాక్టర్ అనుకుని, అసిస్టెంట్‌ని బయటికి పంపి, వరండాలో కూర్చున్న వృద్ధురాలైన ఆమె తల్లి దగ్గర సంతకం తీసుకున్నారు. గర్భసంచి, అండాశయాలు, నాళాలు అన్నీ తీసేశారు. మెలకువ వచ్చాక గానీ ఆమెకి తెలియలేదు.

ఆ జబ్బుకి ఆ ఆపరేషన్ తగినదేనని డాక్టర్ తరఫున వాదించారు, కోర్టు ఆ వాదనను తోసిపుచ్చలేదు కూడా. అయినా డాక్టర్ తప్పు చేశారనే చెప్పింది. ఎందుకంటే ఆమె మైనర్ కాదు, మతిస్థిమితం లేని మనిషి కాదు, మత్తులో ఉందంతే, కొన్ని గంటలు ఆగితే లేచి కూర్చుని తనే జవాబు చెప్పేది. ప్రాణాపాయం ఏమీ లేదు, కాబట్టి తల్లి సంతకం చెల్లదు. పరీక్ష కోసం ఇచ్చిన అనుమతి చికిత్సకి సరిపోదు, ఒక ఆపరేషన్‌కి ఇచ్చిన అనుమతి ఇంకో ఆపరేషన్‌కి సరిపోదు. ఎలాగూ కోశాం కదా, మళ్ళీ ఇంకోసారి మత్తు ఎందుకు, ఖర్చు ఎందుకు అన్నది డాక్టర్ వైపు నుంచి చూస్తే మంచి ఉద్దేశమే కావచ్చు, కానీ ఆ లెక్క వేసుకోవాల్సింది రోగి. ఫీజు వదులుకోమని, 25,000 రూపాయల పరిహారం ఇవ్వమని కోర్టు చెప్పింది. అంత పెద్ద నష్టానికి ఆ మొత్తం ఏ మూలకి అనిపిస్తుంది, కానీ తీర్పు విలువ ఆ మొత్తంలో లేదు. డాక్టర్ ఏమేం చెప్పాలో కూడా అందులోనే ఉంది: చేయబోయేది ఏమిటి, ఎందుకు, దానివల్ల ఏం ఒరుగుతుంది, ఇంకో దారి ఏదైనా ఉందా, పెద్ద ప్రమాదాలు ఏమున్నాయి, వద్దనుకుంటే ఏమవుతుంది. లక్షలో ఒకరికి వచ్చే వింత ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టి భయపెట్టక్కర్లేదని కూడా చెప్పింది, అది న్యాయమే.

ఈ తీర్పు వచ్చిన ఏడాదికే, 2009 మేలో, హైదరాబాద్ నిమ్స్ (నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రి) కేసు తీర్పు వచ్చింది. ఇరవై ఏళ్ళ ఇంజినీరింగ్ విద్యార్థి, తరచూ జ్వరం వస్తోందని 1990లో నిమ్స్‌కి వెళ్తే ఛాతీలో వెన్నెముక దగ్గర గడ్డ ఉందని తేలింది. ముక్క తీసి పరీక్ష చేయడానికని తీసుకెళ్ళి గడ్డ మొత్తం తీసేశారు, వెన్నుకి అంత దగ్గరగా చేస్తున్నా న్యూరోసర్జన్‌ని తోడు పెట్టుకోలేదు. కుర్రాడు బయటికి వచ్చేసరికి నడుం కింది భాగం చచ్చుబడిపోయింది. పరీక్షకి ఒప్పుకున్నాడంటే ఆపరేషన్‌కి కూడా ఒప్పుకున్నట్టే అనుకోవాలన్న ఆసుపత్రి వాదనని సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ తీర్పునే చూపించి కొట్టేసింది. కోటి రూపాయల పరిహారం, పైన వడ్డీ. ఆపరేషన్ జరిగి అప్పటికి పద్దెనిమిదేళ్ళు దాటింది. ఆ యువకుడు చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తనే వాదించుకున్నాడు. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి మెడికల్ కాలేజీలోనూ మొదటి ఏడాదే చెప్పాల్సిన కేసు ఇది.

సమీరా కోహ్లీ తీర్పులో ఇంకో భాగం ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. ఎంత చెప్పాలి అన్నదానికి ప్రపంచంలో రెండు కొలతలు ఉన్నాయి. మామూలుగా ఒక మంచి డాక్టర్ ఎంత చెప్తాడో అంత చెప్తే చాలు అన్నది ఒకటి. ఆ స్థితిలో ఉన్న రోగి నిర్ణయం తీసుకోవడానికి ఏం తెలుసుకోవాలనుకుంటాడో అదంతా చెప్పాలి అన్నది రెండోది. మన సుప్రీంకోర్టు కావాలనే మొదటిది ఎంచుకుంది. మన దేశంలో ఎక్కువమంది పేదవాళ్ళు, డాక్టర్ని నమ్ముకుని వస్తారు, వైద్యం అందడమే గగనం, ఇక్కడి పరిస్థితుల్లో రెండో కొలత పెడితే వైద్యం ఖర్చు పెరుగుతుంది అన్న ఆలోచన దాని వెనక ఉంది. అయితే వైద్యం ఇంకా ఇంకా వ్యాపారం అయితే, జనంలో హక్కుల గురించి తెలివిడి పెరిగితే, ఏదో ఒకరోజు రెండో కొలతకి మారక తప్పదేమోనని, ఇప్పటికి మాత్రం కాదని కూడా రాసింది. బ్రిటన్ 2015లో మారింది. అక్కడ షుగర్ ఉన్న, కొంచెం పొట్టిగా ఉన్న ఒక గర్భిణికి కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే అవకాశం తొమ్మిది, పది శాతం దాకా ఉందని డాక్టర్‌కి తెలుసు, చెప్తే అందరూ సిజేరియనే అడుగుతారని చెప్పలేదు, బిడ్డకి మెదడు దెబ్బతింది. చెప్పడం మానేసే హక్కు డాక్టర్‌కి లేదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

మరి ఇక్కడ ఆ రోజు వచ్చిందా? కార్పొరేట్ ఆసుపత్రి రిసెప్షన్‌లో ప్యాకేజీ రేట్ల బోర్డు చూసినవాళ్ళెవరైనా వైద్యం వ్యాపారం కాలేదని అనలేరు. పేదవాడు కాబట్టి తక్కువ చెప్పినా చాలు అన్న లెక్క నైతికంగా నిలబడదు కూడా. అప్పు చేసి, పొలం కుదవపెట్టి ఆపరేషన్ చేయించుకునేవాడికే ఇంకో దారి ఉందా, ఆగొచ్చా, మందులతో గడుస్తుందా అన్న సంగతి అందరికన్నా ఎక్కువ కావాలి.

గర్భసంచి ఆపరేషన్ల సంగతే తీసుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకముందే తీసేయించుకున్నవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. తెల్లబట్ట అవుతోందనో నడుంనొప్పి అనో వెళ్తే స్కానింగ్ తీసి, సంచి పాడైంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారు కదా ఇంకా ఎందుకు అన్నారని చెప్పే ఆడవాళ్ళు ఎంతోమంది. వాళ్ళందరూ సంతకం పెట్టారు. వేలిముద్ర వేశారు. కాగితం ప్రకారం అంతా సక్రమం. కానీ క్యాన్సర్ అని భయపెట్టి తీసుకున్న సంతకం అంగీకారం ఎలా అవుతుంది? అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే నెలసరి ఆగిపోయినప్పుడు వచ్చే ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం లాంటివి మొదలవుతాయని, చాలా రక్తస్రావాలకి ముందు మందులు వాడి చూడొచ్చని ఎవరైనా చెప్పారా? 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. మేలు చేయడం, కీడు చేయకపోవడం, రోగి ఇష్టం, న్యాయం నాలుగూ ఒక్క దెబ్బకి పోయేది ఇలాంటి చోటే, అదీ ఎక్కువగా చదువు లేని, కూలి పనికి పోయే ఆడవాళ్ళ విషయంలో.

ఆడవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి భర్త సంతకం గురించి కూడా చెప్పాలి. డాక్టర్ల నడవడికకి ఇప్పటికీ అమల్లో ఉన్నవి 2002లో వచ్చిన నియమాలే. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్తవి తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టేసింది. ఆ పాత నియమాల్లో 7.16 ఏమంటుందంటే, ఆపరేషన్‌కి ముందు భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, లేదా రోగి, ఎవరు వర్తిస్తే వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలట. ఎవరి ఒంటి మీద కత్తి పెడుతున్నారో ఆ మనిషి పేరు వరసలో చివర వస్తుంది. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం వయసొచ్చిన మనిషి తన అనుమతి తనే ఇవ్వాలి. గర్భస్రావ చట్టం ప్రకారం కూడా పద్దెనిమిదేళ్ళు నిండిన ఆమె అనుమతి ఒక్కటే చాలు, భర్తది అక్కర్లేదు. అయినా భర్త సంతకం లేనిదే చేయం అని తిప్పి పంపే ఆసుపత్రులు ఉన్నాయి. భర్త దుబాయ్‌లో ఉన్నా, వదిలేసి పోయినా, కొట్టే మనిషైనా సరే, అతను వచ్చి పెట్టాల్సిందే. ఇది ఆసుపత్రి తన జాగ్రత్త కోసం పెట్టుకున్న ఆచారం, దీనికి చట్టం అండ లేదు.

మన ప్రాంతంలో అంగీకారం అనే మాటని అతి తేలిగ్గా తీసుకున్న సందర్భం ఖమ్మం జిల్లాలో జరిగింది. 2009లో పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ 10-14 ఏళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం మొదలుపెట్టారు. గుజరాత్‌లోని వడోదరలో కూడా జరిగింది. భద్రాచలం వైపు గిరిజన పిల్లలు, ప్రభుత్వ హాస్టళ్ళలో చదివేవాళ్ళు అందులో చాలామంది ఉన్నారు. కొందరు పిల్లలు చనిపోవడం, గొడవ జరగడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది, టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నదే, ఆ విషయంలో అనుమానం అక్కర్లేదు. తప్పు జరిగింది అనుమతి దగ్గర. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 ఫారాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు, 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. పిల్లల అమ్మానాన్నలు ఎక్కడో గూడేల్లో ఉన్నారు, కబురు పెట్టి పిలిపించి చెప్పడం కష్టమే, రోజులు పడుతుంది. ఆ కష్టం తప్పించుకోవడానికి వార్డెన్ చేత పెట్టించేశారు. దాని ఫలితం ఏమైందంటే మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం పట్టుకుంది, అది ఏళ్ళ తరబడి వదల్లేదు. చెప్పకుండా చేసిన మేలుకి ఇలాంటి ఖరీదు ఉంటుంది.

ఇంతవరకూ డాక్టర్లు చెప్పకపోవడం గురించి. మన ఇళ్ళలో ఇంకో రకం ఉంది, ఇంటివాళ్ళే చెప్పనివ్వకపోవడం. క్యాన్సరేమోనని ముక్క తీసి పరీక్షకి పంపిన బయాప్సీ రిపోర్టు రాగానే కొడుకు డాక్టర్ గదిలోకి ఒక్కడే వెళ్ళి, "నాన్నకి చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేడు, గడ్డ అని చెప్పండి చాలు" అంటాడు. ఆ కొడుకు ప్రేమ అబద్ధం కాదు. డాక్టర్ కూడా సరే అంటాడు, ఎందుకంటే బిల్లు కట్టేది, రేపు గొడవ చేసేది కొడుకే. తర్వాత ఆ తండ్రిని హైదరాబాద్ తీసుకొచ్చి ఎంఎన్‌జే ఆసుపత్రిలో చేరుస్తారు, జనమంతా దాన్ని క్యాన్సర్ ఆసుపత్రి అనే పిలుస్తారు, ఆటో ఎక్కేటప్పుడు కూడా అలాగే చెప్తారు. పక్క మంచం మీద మనిషికి జుట్టు రాలిపోయి ఉంటుంది. ఆ పెద్దాయనకి అర్థం కాదా? అర్థమవుతుంది. తనకి తెలుసని కొడుక్కి తెలిస్తే వాడు బాధపడతాడని ఆయన, ఆయనకి తెలియదనుకుని కొడుకు, ఇద్దరూ ఒకరికొకరు దాచుకుంటూ ఉండగానే రోజులు అయిపోతాయి. పొలం ఎవరి పేరున రాయాలో, చిన్నకూతురి పెళ్ళి ముందుకు జరపాలో, కీమో చాలిక ఇంటికి తీసుకుపొండి అనాలో ఆయన అనుకున్నది అనలేకుండానే వెళ్ళిపోతాడు.

2002 నియమాలు ఈ విషయంలో రోగికి గానీ, చుట్టాలకి గానీ, బాధ్యత గల స్నేహితులకి గానీ పరిస్థితి తెలిసేలా చూడమంటాయి, జబ్బు తీవ్రతని పెంచీ చెప్పొద్దు, తగ్గించీ చెప్పొద్దు అంటాయి. ఆ 'గానీ'ల్లోంచే రోగి జారిపోతున్నాడు. అయితే అందరికీ అన్నీ మొహం మీద చెప్పేయాలని కూడా కాదు. నాకేమీ చెప్పొద్దు, మా పెద్దోడితో మాట్లాడండి అనే హక్కు కూడా రోగిదే. తేడా ఏంటంటే ఆ మాట రోగి అనాలి. తీవ్రమైన జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం, అంటే పాలియేటివ్ కేర్‌లో పనిచేసేవాళ్ళు మొదట అడిగేది ఇదే: "మీ జబ్బు గురించి మీకేం తెలుసు? ఇంకా తెలుసుకోవాలని ఉందా? మీతో మాట్లాడమంటారా, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా?" ఈ మూడు ప్రశ్నలతో చాలా ఇళ్ళలో ముడి విడిపోతుంది. చివరి రోజుల్లో వెంటిలేటర్ వద్దు అని ముందే రాసిపెట్టుకునే వీలు కూడా 2018లో సుప్రీంకోర్టు కల్పించింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేసి నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ముందు చేస్తే చాలంది. కానీ తన జబ్బేంటో తెలియని మనిషి అలాంటి కాగితం ఏం రాస్తాడు?

డాక్టర్ల వైపు కూడా చూడాలి, లేకపోతే అన్యాయం. ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు దొరకడమే ఎక్కువ. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చాక కోర్టు భయం మొదలైంది, ఆ పైన రోగి చనిపోతే చుట్టాలు అద్దాలు పగలగొట్టడం, డాక్టర్ మీద చేయి చేసుకోవడం. ఇంత భయంలో కన్సెంట్ ఫారం డాక్టర్‌కి ఒక రక్షణ కవచంలా కనిపించింది, అందుకే పేజీలు పెరిగాయి, 'హై రిస్క్ కన్సెంట్' అని వేరే కాగితం వచ్చింది, ఏమైనా జరిగితే మాది బాధ్యత కాదు అని రాయించుకోవడం వచ్చింది. కానీ ఆ కవచం అనుకున్నంత గట్టిది కాదు. ఏమైనా జరిగితే మాది బాధ్యత కాదు అన్న వాక్యంతో నిర్లక్ష్యం మాఫీ కాదు. పైగా గొడవలకి వచ్చే చాలామంది నోట వినపడే మాట "మాకు ముందే చెప్పలేదు" అనేదే. చెప్పి ఉంటే దుఃఖం ఉంటుంది గానీ మోసపోయామన్న కోపం అంత ఉండదు.

చెప్పడానికి గంటలు పట్టదు. యాభై ఏళ్ళ ఆమెకి గాల్‌బ్లాడర్ రాళ్ళ ఆపరేషన్ అనుకుందాం. "అమ్మా, మీ కడుపునొప్పి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళ వల్ల వస్తోంది. ఈ రాళ్ళు మందులతో పోయేవి కావు, అందుకే ఆ సంచి మొత్తం తీసేస్తాం, అది లేకపోయినా అన్నం అరుగుతుంది. పొట్ట మీద మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేస్తాం. లోపల బాగా అతుక్కుపోయి ఉంటే మాత్రం ఆపి, పెద్ద కోత పెట్టాల్సి రావచ్చు, అప్పుడు నాలుగు రోజులు ఎక్కువ ఉండాలి. పైత్యం పోయే గొట్టానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది, వెయ్యిమందికి చేస్తే ముగ్గురికో ఐదుగురికో అవుతుంది, అయితే మళ్ళీ ఆపరేషన్ పడుతుంది. చేయించుకోకపోతే నొప్పి మళ్ళీ రావచ్చు, చీము పట్టొచ్చు, రాయి జారి కామెర్లు రావచ్చు. రేపే చేయాలని లేదు, ఇంట్లో మాట్లాడుకుని రండి." ఇది చెప్పడానికి నిమిషంన్నర పడుతుంది, ప్రశ్నలకి ఇంకో ఐదు నిమిషాలు. నొప్పే లేకుండా వేరే దేనికో తీసిన స్కానింగ్‌లో రాళ్ళు కనబడితే చాలామందికి ఆపరేషనే అక్కర్లేదని కూడా ఇక్కడే చెప్పాలి, అది చెప్పకపోతే మిగతాదంతా చెప్పీ ప్రయోజనం లేదు.

అంతా అయ్యాక అర్థమైందా అని అడిగితే అందరూ ఆఁ అనే అంటారు. దానికి బదులు, "ఇంటికి ఫోన్ చేసి మీ అమ్మాయికి ఏం చెప్తారమ్మా?" అని అడిగితే ఏం అర్థమైందో, ఏం కాలేదో ఆమె నోటితోనే బయటపడుతుంది. ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రుల్లో కాగితాల పని చూసే ఆరోగ్యమిత్రలు ఉన్నారు, కౌన్సెలర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, మొదటి మాట వాళ్ళు చెప్పొచ్చు, ప్రశ్నలకి డాక్టర్ వస్తే చాలు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో నీతి, నడవడిక, మాట్లాడే పద్ధతి మీద ప్రత్యేకంగా పాఠాలు పెట్టారు, మంచిదే. కానీ రాత్రి డ్యూటీలో పెద్ద డాక్టర్ "ఆ కన్సెంట్లన్నీ తీసేసుకో" అని హౌస్‌సర్జన్‌కి అప్పజెప్పే అలవాటు మారనంతవరకూ ఆ పాఠం వార్డులోకి రాదు. మొదటి మాట ఎవరు చెప్పినా, ప్రశ్నలకి జవాబు ఆపరేషన్ చేసే డాక్టరే వచ్చి చెప్పాలి, చేయబోయేది ఏంటో పూర్తిగా తెలిసేది ఆ డాక్టర్‌కే కదా.

సంతకం ఆగాల్సిన చోటు కూడా ఒకటుంది, అది ఎమర్జెన్సీ. యాక్సిడెంట్ అయి స్పృహ లేకుండా వచ్చిన మనిషికి ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడకూడదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ప్రాణం కాపాడటం ముందు, పోలీసులూ కాగితాలూ తర్వాత అని స్పష్టంగా చెప్పింది. భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ కూడా అనుమతి తీసుకునే వీలు లేనప్పుడు మంచి ఉద్దేశంతో, ఆ మనిషి మేలు కోసం చేసిన పనికి రక్షణ ఇస్తుంది. అనుమతి తప్పనిసరి అయిన చోట టిక్కుతో సరిపెట్టడం, అవసరం లేని చోట చుట్టాలు వచ్చి సంతకం పెడితేనే ముట్టుకుంటాం అనడం, ఈ రెండూ ఒకే ఆసుపత్రిలో జరుగుతుంటాయి.

ఎవరూ పట్టించుకోని చిన్న అనుమతులు ఇంకొన్ని ఉన్నాయి. ఆపరేషన్‌కి ముందు 'వైరల్ మార్కర్స్' అని రక్తం తీసుకుంటారు, అందులో హెచ్ఐవీ పరీక్ష ఉంటుందని చాలామందికి చెప్పరు. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం అడగకుండా ఆ పరీక్ష చేయకూడదు. బోధనాసుపత్రిలో పదిమంది విద్యార్థులు చుట్టూ చేరి ఒకరి తర్వాత ఒకరు పొట్ట నొక్కి చూసేటప్పుడు కూడా ఒక్కమాట అడగాలి, వైద్యం ఉచితం కాబట్టి ఒళ్ళు అప్పగించినట్టు కాదు.

ఏదైనా తేడా జరిగినప్పుడు చెప్పడం అన్నిటికన్నా కష్టం. ఇంగ్లండ్‌లో 2014 నుంచి ఆసుపత్రి తనంతట తాను రోగికి జరిగిన పొరపాటు చెప్పి క్షమాపణ అడగాలని చట్టం ఉంది. మన 2002 నియమాల్లో అలాంటిది లేదు. ఉన్నది రికార్డుల నియమం ఒక్కటే: రోగి గానీ, రోగి తరఫున హక్కున్నవాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ల రికార్డులు చికిత్స మొదలైనప్పటి నుంచి మూడేళ్ళ పాటు దాచి ఉంచాలి. కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, మత్తు రికార్డు, సంతకం పెట్టిన ఫారం అన్నీ అందులోకే వస్తాయి. నోటిమాటగా అడిగితే మెడికల్ రికార్డ్స్ సెక్షన్ చుట్టూ తిప్పుతారు, తెల్లకాగితం మీద పేరు, ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చిన ఇన్‌పేషెంట్ నంబర్), అడ్మిషన్ తేదీ రాసి ఇచ్చి, ఇంకో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. 72 గంటల లెక్క ఆ ముద్ర మీది తేదీ నుంచే చూపించొచ్చు.